కామన్‌వెల్త్ కోటా అనేది లేదు. మరి ఆ సంఘంలో మనం ఎందుకున్నాం?

పరకాల నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయి ఈ సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి బ్రిటన్ వెళ్తోంది. భారత్ కామన్‌వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ వలసలు కలిసిన సంఘం) సభ్యదేశం కాబట్టి వీసాలో ప్రత్యేక కోటా ఉంటుందని, ఆ ఫైలు కదపడానికి 40 వేలు అవుతుందని హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారట. 5 వేలు అడ్వాన్సు కూడా తీసుకున్నారట. ఇది నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. నిజం కాకపోతే, మనల్ని ఏలినవారు పెట్టుకున్న సంఘంలో మనం ఇంకా ఎందుకు ఉన్నామన్నది రెండోది. రెండో ప్రశ్నలో కాస్త కోపం కూడా వినిపించింది. ఉండవలసిన కోపమే.

మొదటిదానికి జవాబు: అలాంటి కోటా ఏ రూపంలోనూ లేదు. మిగతా 35 వేలు కట్టకండి. వీసా రుసుము, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి, యూనివర్సిటీ ఫీజు, ఇవన్నీ కామన్‌వెల్త్‌లో లేని చైనా విద్యార్థికి ఎంతో మీ అమ్మాయికీ అంతే.

రెండోదానికి జవాబు: ఆ సంఘం 1949లోనే వారి సొత్తు కాకుండా పోయింది. అందులో ఉండటానికి మనకయ్యే ఖర్చు తక్కువ. బయటికి వచ్చినందువల్ల చేతికి వచ్చేదీ లేదు. అయితే సామాన్యుడికి దానివల్ల ఒరిగేది కూడా చాలా కొద్ది. ఆ కొద్దిలోనే రెండు విషయాలు మీ అమ్మాయికి నేరుగా పనికొస్తాయి. వాటి దగ్గరికి వస్తాను.

నేను 27 ఏళ్లుగా హనుమకొండలో వకీలుగా పనిచేస్తున్నాను. విదేశాల్లో ఉన్నవారి ఆస్తి తగాదాలు, పవర్ ఆఫ్ అటార్నీలు (తమ తరఫున సంతకం చేయమని ఇచ్చే అధికార పత్రాలు), అక్కడి కోర్టుల నుంచి వచ్చే డిక్రీలు (తీర్పు ఉత్తర్వులు) నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. అందుకని కామన్‌వెల్త్ అంటే నాకు జెండాలు, రాణిగారి ఫొటోలు గుర్తుకు రావు, కాగితాలు గుర్తుకొస్తాయి. ఈ జవాబులో ఆ పక్షపాతం కనిపిస్తే మన్నించండి.

ముందు కోటా సంగతి పూర్తిచేద్దాం. ఈ అబద్ధానికి మూలం లేకపోలేదు. 1948 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టం ప్రకారం కామన్‌వెల్త్ పౌరులెవరైనా బ్రిటన్‌లో అడుగుపెట్టి స్థిరపడవచ్చు. మన తాతల తరంలో పంజాబ్ నుంచి, గుజరాత్ నుంచి, జమైకా నుంచి వెళ్లినవారు అలా వెళ్లినవారే. 1962లో చట్టం మార్చి ఆ తలుపు మూయడం మొదలుపెట్టారు, తరువాతి పదేళ్లలో దాదాపు పూర్తిగా మూసేశారు. చదువు ఫీజుల్లో ఉన్న కాస్త వెసులుబాటు కూడా 1980 నాటికి పోయింది. అంటే మీ కన్సల్టెన్సీ వారు అమ్ముతున్నది అరవై ఏళ్ల కిందట గడువు తీరిన సరుకు.

కొందరు ఇంకో పథకాన్ని చూపించి నమ్మిస్తున్నారు. 18 నుంచి 30 ఏళ్ల లోపు పట్టభద్రులను లాటరీ పద్ధతిలో ఎంపికచేసి రెండేళ్లు బ్రిటన్‌లో పనిచేయనిచ్చే యంగ్ ప్రొఫెషనల్స్ పథకం 2023 నుంచి నడుస్తోంది. ఏడాదికి 3,000 మంది వరకు అవకాశం. అది భారత్, బ్రిటన్‌ల మధ్య నేరుగా కుదిరిన ఒప్పందం, కామన్‌వెల్త్‌తో సంబంధం లేదు. పైగా ఆ లాటరీకి పేరు ఇవ్వడానికి రుసుమే ఉండదు. పేరు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారున్నారు, జాగ్రత్త.

ఒక్క మినహాయింపు మాత్రం చెప్పాలి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలలో ఎవరైనా బ్రిటన్ గడ్డ మీద పుట్టి ఉంటే, కామన్‌వెల్త్ పౌరులకు మాత్రమే ఇచ్చే ఒక వీసా ఉంది. ఇది మన జిల్లాలో ఎవరికి వర్తిస్తుందని నవ్వకండి. కాజీపేట రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఏడెనిమిదేళ్ల కిందట అలాంటి ఇంటి నుంచి ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. తాతగారు ఇంజన్ డ్రైవరు, పుట్టింది లివర్‌పూల్‌లో అని ఇంట్లో అందరి నమ్మకం. గోడ మీద ఆయన ఫొటో, టోపీ, జేబు గడియారం. ఆ వీసా పేరు చెప్పి ఒక ఏజెంటు అప్పటికే లక్షన్నర తీసుకున్నాడు. నేను అడిగింది ఒక్కటే, బాప్తిస్మ రిజిస్టరు నకలు. నాలుగు నెలలు తిరిగి తెచ్చాడు. పసుపురంగు కాగితం మీద చక్కటి చేతిరాతలో పుట్టిన ఊరు అరక్కోణం అని ఉంది. ఆ ఇంట్లో వాళ్లమ్మ ఏడ్చింది డబ్బు పోయినందుకు కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మీ అమ్మాయికి నిజంగా వచ్చేవి.

ఒకటి, ఓటు. ఇది చెబితే ఎవరూ నమ్మరు. చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివాసముంటున్న కామన్‌వెల్త్ పౌరులు, 18 ఏళ్లు నిండితే, అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వేయవచ్చు. విద్యార్థి వీసా అయినా సరే. ఫ్రెంచి అమ్మాయికి, అమెరికన్ అబ్బాయికి ఆ హక్కు లేదు. పరకాల అమ్మాయికి ఉంది. పాత సామ్రాజ్యం నుంచి మిగిలిన హక్కు ఇది, ఎవరూ తీసేయలేదు. ఉంటున్న చిరునామాతో స్థానిక కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి, పైసా ఖర్చు లేదు. మన దేశంలో మాత్రం బ్రిటిష్ పౌరుడికి ఓటు లేదు. మన 1955 పౌరసత్వ చట్టంలో కామన్‌వెల్త్ పౌరుడు అన్న హోదా పేరుకు ఉండేది, 2003 సవరణతో దాన్నీ తీసేశారు.

రెండు, స్కాలర్‌షిప్. కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్ పథకానికి 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సమావేశంలో రూపం వచ్చింది. మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి ఫీజు, విమాన టికెట్టు, నెలనెలా భృతి ఇస్తారు. చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి రావాలన్న షరతు ఉంటుంది. అక్కడే ఉద్యోగం చూసుకోవాలనుకునేవారు ముందే ఆలోచించుకోవాలి. ఈ సెప్టెంబరుకు ఆలస్యమైపోయింది, దరఖాస్తులు దాదాపు ఏడాది ముందే పిలుస్తారు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం ఇప్పటి నుంచే కన్నేసి ఉంచమనండి. దీనికీ దరఖాస్తు రుసుము లేదు. డబ్బు అడిగిన చోటల్లా అబద్ధముందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక మిగిలింది నా వృత్తికి సంబంధించిన కాగితాల సంగతి. రేపు మీరు ఆస్తి మీద విద్యారుణం తీసుకోవాలన్నా, అమ్మాయి పేరున ఉన్న ప్లాటు అమ్మాలన్నా ఆమె అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అప్పుడు వెళ్లవలసింది లండన్‌లో ఉన్న మన హైకమిషన్‌కు, లేదా బర్మింగ్‌హామ్, ఎడిన్‌బరో వంటి చోట్ల ఉన్న కాన్సులేట్‌కు. కామన్‌వెల్త్ దేశాల మధ్య ఎంబసీ అనరు, హైకమిషన్ అంటారు. ఒకే రాజు కింద ఉన్న రోజుల్లో రాజు తన దగ్గరికే తాను రాయబారిని పంపుకోలేడు కదా, అందుకని పుట్టిన పేరు అది. రాజు పోయినా బోర్డు మారలేదు.

హసన్‌పర్తి దగ్గర ఒక అన్నదమ్ముల భూమి విషయంలో లెస్టర్‌లో ఉన్న తమ్ముడు అలాగే బర్మింగ్‌హామ్ వెళ్లి సంతకం చేసి పవర్ పంపాడు. అన్న దాన్ని బీరువాలో పెట్టాడు. కొనేవాడు దొరికాక బయటికి తీసి నా దగ్గరికి తెచ్చేసరికి నాలుగు నెలలు దాటాయి. విదేశంలో రాసిన పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలని మన స్టాంపుల చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. తమ్ముడు సెలవు పెట్టి మళ్లీ బర్మింగ్‌హామ్ వెళ్లాల్సి వచ్చింది. ఆ అన్నదమ్ములు అప్పటి నుంచి ఒకరి మీద ఒకరు విసుక్కుంటూనే ఉన్నారు. కాగితం వచ్చిన కవరు పారేయకండి; ఏ తేదీన చేరిందో చెప్పే సాక్ష్యం అదే.

మన కోర్టుల్లో కామన్‌వెల్త్ ఛాయ ఎంత ఉందో చెప్పే ఒక విచిత్రం: మన రాజ్యాంగం అవసరాల మేరకు కామన్‌వెల్త్ దేశాలు ‘విదేశాలు’ కావని 1950లో ఉత్తర్వు ఒకటి వచ్చింది. కొత్త జూనియర్లకు ఇది చూపించి ఆటపట్టిస్తుంటాను. దాన్ని పట్టుకుని వీసా కౌంటరు దగ్గరికి వెళ్తే మాత్రం ఫలితం సున్నా. ఆ ఉత్తర్వు మన రాజ్యాంగంలోని ఒక మాటకు అర్థం చెప్పింది, అంతవరకే.

ఇప్పుడు మీ కోపం దగ్గరికి వస్తాను. ‘మనల్ని ఏలినవారు’ అన్నారు. వరంగల్ వాళ్లం కాబట్టి ఒక చిన్న దిద్దుబాటు. ఇక్కడ నేరుగా ఏలింది నిజాం, నిజాంను ఏలింది హైదరాబాదు కోఠీలో కూర్చున్న బ్రిటిష్ రెసిడెంటు. 1798లో సైన్య సహకార ఒప్పందం కుదిరిన నాటి నుంచి అదే వరస. అందుకే మన పాత దస్తావేజులు ఆంగ్లంలో కాక ఉర్దూలో ఉంటాయి, తేదీలు నిజాం నాటి ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. మన కేసులు సామ్రాజ్యపు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లేవి కావు. నిజాం పెట్టుకున్న జ్యుడీషియల్ కమిటీయే ఆఖరు మెట్టు. డబ్బు కూడా వేరే. ఇక్కడ నడిచింది హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బెజవాడ వైపు సంతకు వెళ్లాలంటే ముందు సాహుకారు దగ్గర మారకం చేసుకోవాలని మా తాతగారు చెప్పేవారు. రైలు ఎక్కేముందు రూపాయి మారిందంటే దేశం మారినట్టే కదా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు ఎందుకు ఉన్నామని అడుగుతున్న ఈ కామన్‌వెల్త్‌లోనే 1947లో నిజాం చోటు అడిగాడు. భారత్‌లోనో పాకిస్తాన్‌లోనో చేరకుండా, బ్రిటిష్ కామన్‌వెల్త్‌లో హైదరాబాదును నేరుగా ఒక డొమినియన్‌గా (బ్రిటిష్ రాజు కిందే తనను తాను పాలించుకునే దేశంగా) గుర్తించమని ఆయన కోరిక. సంస్థానాలకు ఆ హోదా ఇచ్చేది లేదని బ్రిటన్ తేల్చిచెప్పింది. 1948 సెప్టెంబరు 17న ఏం జరిగిందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ కోరిక తీరి ఉంటే మనం ఏ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేసేవాళ్లమో అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

భారత్ మాత్రం తన లెక్క తాను వేసుకుంది. 1929 లాహోరులో పూర్ణ స్వరాజ్యం అన్న కాంగ్రెస్, 1949 ఏప్రిల్‌లో లండన్‌లో కూర్చుని కామన్‌వెల్త్‌లో కొనసాగడానికి ఒప్పుకుందంటే అప్పుడూ చాలామంది మండిపడ్డారు. నెహ్రూ పెట్టిన షరతు ఒక్కటే: మేం గణతంత్రం అవుతాం, రాజుకు విధేయత ప్రకటించం. అప్పటిదాకా రాజుకు విధేయత లేని దేశానికి ఆ సంఘంలో చోటే లేదు. బర్మా 1948లో అసలు చేరలేదు, ఐర్లాండ్ 1949 ఏప్రిల్‌లోనే బయటికి వెళ్లిపోయింది. భారత్ కూడా వెళ్లిపోతే మిగిలేది తెల్లవారి డొమినియన్లేనని బ్రిటన్‌కు భయం. ఏప్రిల్ 28న వెలువడిన లండన్ ప్రకటన మధ్యే మార్గం కనిపెట్టింది. రాజు మనకు రాజు కాడు. స్వతంత్ర దేశాలు ఇష్టపడి కలిసి ఉన్నాయనడానికి గుర్తు మాత్రమే, ఆ మేరకు కామన్‌వెల్త్ అధినేత. పేరు ముందున్న ‘బ్రిటిష్’ అన్న మాట కూడా మెల్లగా రాలిపోయింది. ఆ తరువాతి నెలలో మన రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. ఢిల్లీలో ఆ చర్చ జరుగుతున్న రోజుల్లో మన దగ్గర మిలిటరీ గవర్నర్ చౌదరి పాలన నడుస్తోంది.

నా దృష్టిలో ఆ ఒప్పందం మనవాళ్లు చేసిన తెలివైన బేరం. తరువాత స్వాతంత్ర్యం తెచ్చుకున్న ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల్లో చాలా మనం తీసిన ఆ దారినే వచ్చాయి. నేడున్న 56 సభ్యదేశాల్లో బ్రిటన్‌తో కలిపి 15 దేశాలకే చార్లెస్ రాజు. బార్బడోస్ 2021 నవంబరులో రాణిని తప్పించి గణతంత్రమైంది, సభ్యత్వం మాత్రం చెక్కుచెదరలేదు. అధినేత పదవి కూడా వారసత్వంగా వచ్చేది కాదు. చార్లెస్ పేరును 2018లో సభ్యదేశాలు ఒప్పుకోబట్టే ఆయనకు వచ్చింది. 1965 నుంచి దాని నిర్వహణ బ్రిటన్ ప్రభుత్వం చేతిలో లేదు, లండన్‌లోనే మార్ల్‌బరో హౌస్‌లో సొంత సచివాలయం ఉంది. మన కమలేశ్ శర్మ 2008 నుంచి 2016 వరకు దానికి సెక్రటరీ జనరల్. ఇప్పుడు ఘానాకు చెందిన షర్లీ బోచ్‌వే ఉన్నారు.

మీరు అనవచ్చు: సరే, ఏం సాధించారు? ఒకటి మాత్రం నిస్సందేహంగా చెప్పగలను, దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష మీద ఆ దేశంతో వాణిజ్యం తెంచుకున్న మొదటి దేశం మనదే, 1946లో. 1961లో అది గణతంత్రమై కామన్‌వెల్త్‌లో కొనసాగుతానని అడిగినప్పుడు ఆసియా, ఆఫ్రికా సభ్యుల వ్యతిరేకత చూసి దరఖాస్తు వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఆంక్షలకు బ్రిటన్ ప్రధాని థాచర్ అడ్డుపడుతున్నారని 1986 ఎడిన్‌బరో కామన్‌వెల్త్ ఆటలను మనతో సహా 32 దేశాలు బహిష్కరించాయి. బ్రిటన్‌ను అదే సంఘంలో, దాని సొంతగడ్డ మీదే ఒంటరిని చేయగలిగారు. ‘వారి సంఘం’ అయితే ఇది సాధ్యమయ్యేది కాదు. 1994లో మండేలా వచ్చాక దక్షిణాఫ్రికా తిరిగి చేరింది.

ఫిజీ కథ ఇంతకన్నా మనకు దగ్గరిది. 1879 నుంచి 1916 దాకా దాదాపు 60 వేల మంది భారతీయులను కూలి ఒప్పందం మీద చెరకు తోటలకు తీసుకెళ్లారు. మద్రాసు ఓడల్లో తెలుగువారూ వెళ్లారు, మనవైపు నుంచి కాక ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి. 1987లో భారతీయ సంతతి వారికి ప్రాబల్యమున్న ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. ఆ ఏడాదే కామన్‌వెల్త్ సభ్యత్వం పోయింది, 1997లో మళ్లీ వచ్చింది, తరువాతి కుట్రలతో మళ్లీ సస్పెన్షన్, 2014లో పునరుద్ధరణ. సభ్యత్వం తీసేస్తే కుట్రలు ఆగుతాయా అంటే, చూశారుగా, ఆగలేదు. కానీ 9 లక్షల జనాభా ఉన్న దేశానికి ప్రపంచంలో నిలబడి మాట్లాడే వేదికలు ఎన్నుంటాయి? ఉన్నవాటిలో ఒకటి పోయినప్పుడు నొప్పి తెలుస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 56లో 33 చిన్న దేశాలు. ఒక్కోదాని జనాభా మన జిల్లా జనాభా అంత కూడా లేనివి వాటిలో చాలా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో మాత్రం పసిఫిక్‌లోని చిన్న దేశం తువాలుకూ ఒక ఓటే, మనకూ ఒక ఓటే. ఆ దేశాల నాయకులను రెండేళ్లకొకసారి ఒకే గదిలో, అనువాదకులు లేకుండా కలిసే అవకాశం మనకు మరెక్కడా ఇంత చవకగా దొరకదు. 2018లో కామన్‌వెల్త్ చిన్న దేశాల కోసం భారత్ 5 కోట్ల డాలర్ల నిధి ప్రత్యేకించిందంటే ఊరికే కాదు. ఢిల్లీ పెద్దలు దీన్ని స్నేహం అంటారు, నేను పెట్టుబడి అంటాను.

అంతమాత్రాన ప్రతిసారీ తలకెత్తుకుంటామని కాదు. 2013 కొలంబో సదస్సుకు తమిళుల విషయంలో వచ్చిన ఒత్తిడితో మన్మోహన్ సింగ్ వెళ్లలేదు. 2022 కిగాలీకి, 2024 సమోవాకు మోదీ వెళ్లలేదు, మంత్రులను పంపారు. మన ప్రభుత్వం దీనికి ఎంత బరువు ఇస్తుందో ఆ హాజరు పట్టీలోనే తెలుస్తుంది. పాకిస్తాన్ పక్కనే కూర్చున్నా కాశ్మీర్ సంగతి అక్కడ తేలదు, తేలాలని మనమూ కోరుకోం. సైనిక కుట్రలు చేసినవారిని బయటికి పంపే ఈ సంఘం, మానవ హక్కుల మీద గట్టి అభ్యంతరాలున్నా 2009లో రువాండాను చేర్చుకుంది. చెప్పే మాటకూ చేసే పనికీ దూరం ఉందంటే నేను కాదనను.

రువాండా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అది బ్రిటన్ వలస కాదు. 1995లో చేరిన మొజాంబిక్ పోర్చుగీసు వలస. 2022లో చేరిన గాబోన్, టోగో ఫ్రెంచి పాలన నుంచి బయటపడినవి. అంటే ఏలనివారి సంఘంలోకి కూడా వచ్చి చేరుతున్నారు. ఎందుకు? ఫ్రాన్స్ పద్ధతి చూస్తే అర్థమవుతుంది. 14 ఆఫ్రికా దేశాల్లో నేటికీ సీఎఫ్ఏ ఫ్రాంకు నడుస్తుంది, దాని మారకం విలువ యూరోకు కట్టేసి ఉంటుంది. చాలాకాలం అక్కడ ఫ్రెంచి సైన్యం కూడా ఉంది. పట్టు అంత గట్టిగా ఉంటే తెంచుకోవడమూ అంత గట్టిగానే ఉంటుంది: మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ ఫ్రెంచి సైన్యాన్ని పంపేసి, 2025 మార్చిలో ఫ్రెంచి భాషా దేశాల కూటమి నుంచీ తప్పుకున్నాయి. ఆ కూటమి పుట్టింది 1970లో నైజర్ రాజధాని నియామేలోనే! కామన్‌వెల్త్ ముడి వదులు. అందుకే వెళ్లిన పాకిస్తాన్, గాంబియా, మాల్దీవులు మళ్లీ తిరిగి వచ్చాయి.

పరిహారం సంగతి కూడా కదులుతోంది. బానిస వ్యాపారానికి బ్రిటన్ జవాబు చెప్పాలని కరీబియన్ దేశాలు పట్టుబడితే, 2024 సమోవా ప్రకటనలో దానిపై చర్చ జరగాల్సిన సమయం వచ్చిందని రాయక తప్పలేదు. చర్చ అన్నారు, డబ్బు అనలేదు. వకీలుగా ఆ తేడా నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక్కడిదాకా వచ్చాక వరంగల్ వాళ్లెవరైనా కోహినూర్ అడగకుండా ఊరుకోరు. కాకతీయుల దగ్గర ఉండేదని, మాలిక్ కాఫూర్ ఎత్తుకెళ్లాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. కోట కీర్తి తోరణం కింద నిలబడి గైడు చెబితే నాకూ నమ్మాలనే ఉంటుంది. కానీ కోర్టులో నిలిచే కాగితం అడిగితే మన దగ్గర లేదు. కాగితం ఉన్నది 1849 లాహోరు ఒప్పందానికి. పంజాబ్ మహారాజైన పదేళ్ల పిల్లవాడు దలీప్ సింగ్ చేత వజ్రం అప్పగింపజేసిన పత్రం అది. మైనరు చేత రాయించుకున్న దస్తావేజును మన మున్సిఫ్ కోర్టు కూడా చెల్లదంటుంది, ఏం చేస్తాం. కామన్‌వెల్త్‌లో ఉంటే అది తిరిగొస్తుందా అంటే, అలాంటి పద్ధతే అక్కడ లేదు.

చివరగా నన్ను ఎక్కువగా పట్టి ఉంచే విషయం. ఉత్తర తెలంగాణకు బ్రిటన్ కన్నా గల్ఫ్ దగ్గర. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ప్రతి వాడలో ఒకరుంటారు. కువైట్ 1961 దాకా, బహ్రెయిన్, ఖతర్, ఎమిరేట్లు 1971 దాకా బ్రిటన్ రక్షణలో ఉన్నవే. అక్కడ నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు వాటికోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించాక మిగిలినవారూ చాలావరకు వదిలేశారు. హాలీ, కల్దార్ మార్చుకున్న తాత మనవడు ఇప్పుడు దిర్హాములు మార్చుకుంటున్నాడు. ఇంత పాత సంబంధమున్నా ఆ దేశాల్లో ఒక్కటీ కామన్‌వెల్త్‌లో లేదు.

మరి అక్కడి కోర్టు తీర్పు ఇక్కడ చెల్లుతుందా? సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద కేంద్రం గుర్తించిన దేశాల ఉన్నత కోర్టుల డిక్రీని మన జిల్లా కోర్టు తన డిక్రీలాగే అమలు చేస్తుంది. బ్రిటన్ 1953 నుంచి ఆ జాబితాలో ఉంది. సింగపూర్, మలేసియా, న్యూజిలాండ్ ఉన్నాయి. అమెరికా లేదు. 2020 జనవరిలో ఎమిరేట్లను చేర్చారు. ఆ నోటిఫికేషన్ ఒక్క పేజీ కూడా లేదు. మనవాళ్ల మీద దాని ప్రభావం మాత్రం పది కామన్‌వెల్త్ సదస్సుల కన్నా ఎక్కువ.

దుబాయ్‌లో కంపెనీ మూతపడి, బ్యాంకు అప్పు 60 వేల దిర్హాములు అలాగే వదిలి 2018లో ఇంటికి వచ్చేసిన ఒకాయన జగిత్యాల వైపు నుంచి నా దగ్గరికి వచ్చాడు. రికవరీ వాళ్లు ఫోనులో ఇంటర్‌పోల్ పేరు చెప్పి బెదిరిస్తున్నారట, నిద్ర లేదు. ఫోనులో అరిచేవాడికి అధికారం లేదని చెప్పాను. అయితే కోర్టు ముద్ర ఉన్న కవరు వస్తే మాత్రం తీసుకో, వెనక్కి పంపకు, మర్నాడే వకీలు దగ్గరికి వెళ్లు అన్నాను. నోటీసు ఇవ్వకుండానో, విచారణ లేకుండానో ఇచ్చిన డిక్రీని 13వ సెక్షన్ కింద ఎదుర్కోవచ్చు. దాచిపెట్టుకుంటే ఇంటిమీదికి వస్తుంది.

ఇంక మీ 5 వేల సంగతి. రసీదు ఇచ్చి ఉంటే తీసి చూడండి, అందులో కామన్‌వెల్త్ కోటా అన్న మాట రాసి ఉంటే మీ పని సగం అయినట్టే. రాయకపోతే, ఆ మాట వాట్సాప్‌లో వారి చేతే రాయించండి. “కోటా ఫైలు ఎంతవరకు వచ్చింది” అని మామూలుగా అడిగితే చాలు, రాస్తారు. తరువాత డబ్బు వాపసు కోరుతూ ఒక లేఖ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల్లో స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు కూడా అక్కర్లేదు.